పోయినేడు గార, ఈ ఏడు తుప్పు: పూల్ నీళ్ల లెక్క ఎక్కడ తప్పింది?

పెన్నాగట్టు, నెల్లూరు

అందరికీ నమస్కారం. నెల్లూరు ఊరి బయట పిల్లలకి ఈత నేర్పే ఒక పూల్‌ని నేను చూసుకుంటున్నాను. 20 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, సగటున 1.25 మీటర్ల లోతు. లెక్కేస్తే 2 లక్షల లీటర్లు. నాలుగేళ్లుగా బోరు నీళ్లే వాడాం. పోయినేడు ఎండాకాలంలో నీటి అంచు వెంబడి టైల్స్ మీద తెల్లగా గార కట్టింది. పళ్లకి పట్టే గార ఎట్టా ఉంటుందో అట్టానే, గోరుతో గీకితే రాదు. ఫిల్టర్‌లో ఇసుక గడ్డలు కట్టింది. "ఉప్పు నీళ్లు, హార్డ్‌నెస్ ఎక్కువ, బోరు మానెయ్" అన్నారు అందరూ. హార్డ్‌నెస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం.

సరేనని ఈ ఫిబ్రవరిలో పూల్ ఖాళీ చేసి, గార గీకించి, ఆర్వో ప్లాంటు నుంచి ట్యాంకర్లతో నీళ్లు తెప్పించి నింపాం. బోలెడు డబ్బు అయింది. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులన్నీ కలిపి ఎంతో చూపే పెన్ను పెడితే 80 చూపించింది. మనం తాగే నీళ్లే కదా, ఇక దిగులు లేదనుకున్నాను.

రెండు నెలలు తిరక్కముందే టైల్స్ సందుల్లో సిమెంటు వేలితో రాస్తే పిండిలా వస్తోంది. నిచ్చెన బోల్టుల దగ్గర నుంచి ఎర్రటి మరక చారలా కిందికి కారింది. లోతు తక్కువ ఉన్నవైపు నేల గరుకు తేలింది. నిన్న ఏడేళ్ల పాప ఒకతె అరికాలు ఎత్తి చూపించి "మంటగా ఉంది సార్" అంది. చూస్తే బొటనవేలి కింద తోలు లేచిపోయి ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు.

నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి. పీహెచ్, అంటే నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7.2. రోజూ చూస్తాను, పుస్తకంలో రాస్తాను. గార పోవాలని చేస్తే తుప్పు ఎందుకు వచ్చింది?

నీలినీళ్లు, ఒంగోలు

పీహెచ్ 7.2 నుంచి 7.6, క్లోరిన్ 1 నుంచి 3. ఈ రెండూ ఉంటే ఇంకేం చూడక్కర్లేదు తమ్ముడూ. పదేళ్లుగా పూల్స్ మీదే ఉన్నాను. టైల్స్ మధ్య పెట్టిన సిమెంటు నాసిరకం అయ్యుంటుంది. మేస్త్రీని పిలిపించి మళ్లీ పెట్టించండి.

కెమిస్ట్రీ మాస్టారు, ఒంగోలు

మేస్త్రీ తప్పు కాకపోవచ్చు. ఆ సిమెంటే నాలుగేళ్లు బోరు నీళ్లలో గట్టిగా నిలబడింది కదా.

అరిసెల పాకం గుర్తు తెచ్చుకోండి. పాకం ముదిరితే గిన్నె అంచున పంచదార పలుకులు కడుతుంది. అదే నీళ్లు ఎక్కువై పల్చగా ఉంటే, అందులో వేసిన బెల్లం గడ్డ కరిగిపోతుంది. నీళ్లకీ సున్నానికీ సంబంధం ఇదే. ఇక్కడ సున్నం అంటే కాల్షియం కార్బొనేట్. నీళ్లు మోయగలిగినదానికంటే అది ఎక్కువ ఉంటే ఎక్కడో ఒకచోట గారగా దిగుతుంది. తక్కువ ఉంటే దొరికిన చోటల్లా లాక్కుంటుంది. మీ పూల్‌లో దొరికేది టైల్స్ సందుల్లో సిమెంటు, నేల ప్లాస్టరు. లోహం మీద కూడా సున్నం పొర అడ్డం లేనప్పుడు తుప్పు సులువుగా పడుతుంది.

పాకానికీ దీనికీ ఒక్క తేడా ఉంది. పంచదార వేడిలో ఎక్కువ కరుగుతుంది. కాల్షియం కార్బొనేట్ వేడిలో తక్కువ కరుగుతుంది. గీజర్లు ఎందుకు పాడవుతాయో దీంట్లోనే ఉంది, అది తర్వాత చెబుతాను.

నీళ్లు ఏ వైపు మొగ్గి ఉన్నాయో ఒక్క పీహెచ్‌తో తెలియదు. పీహెచ్, ఉష్ణోగ్రత, కాల్షియం, ఆల్కలినిటీ (యాసిడ్‌ని తట్టుకునే బైకార్బొనేట్ లాంటివి నీళ్లలో ఎంత ఉన్నాయో), టీడీఎస్, ఈ ఐదూ కావాలి. ఐదింటినీ కలిపి ఒక అంకె, అంటే సూచిక, తీసే పద్ధతిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు లాంజెలియర్ 1936లో ఇచ్చాడు. ఆయన ఆలోచించింది పూల్స్ గురించి కాదు, ఊరి మంచినీళ్ల గొట్టాల గురించి. గొట్టం లోపల పల్చటి సున్నం పొర ఉంటే ఇనుముకి కాపు అవుతుంది, ఆ పొర నిలిచేలా నీళ్లు ఎట్టా పంపాలి అన్నది ఆయన ప్రశ్న. కాబట్టి రవ్వంత సున్నం మనకి శత్రువు కాదు.

మీ బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు, ఇప్పుడు పూల్‌లో ఉన్న నీళ్లు, మూడూ ల్యాబులో చూపించండి. ఇంకో సంగతి. క్లోరిన్‌కి ఏం వాడుతున్నారు? బ్లీచింగ్ పౌడరా, లిక్విడ్ హైపోనా (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం)?

పెన్నాగట్టు, నెల్లూరు

లిక్విడ్ హైపోనే సార్. ఈ ఏడు బ్లీచింగ్ ఒక్క గుప్పెడు కూడా వెయ్యలేదు. ల్యాబు అంటే ఎక్కడికి వెళ్లాలి? పూల్ సామాను అమ్మేవాళ్లు చెన్నై పంపించమంటున్నారు.

రొయ్యల ల్యాబు, కోట

చెన్నై దాకా ఎందుకండీ! మన వైపు రొయ్యల చెరువులున్న దాదాపు ప్రతి ఊళ్లో నీళ్ల ల్యాబు ఉంది. కోట, విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు, ముత్తుకూరు, ఎక్కడికి వెళ్లినా ఆక్వా షాపు వెనక గదిలో మేం చేసే పని ఇదే. వనామి రొయ్య పెంకు మార్చుకోవాలంటే కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ సరిగ్గా ఉండాలి కాబట్టి రైతులు వారం వారం సీసాలు పట్టుకొస్తారు. మీకు కావాల్సిన అంకెలన్నీ ఆ రిపోర్టులోనే ఉంటాయి. పూల్ నీళ్లని చెప్పండి చాలు.

సీసా పట్టేటప్పుడు ఒక జాగ్రత్త. బోరు పది నిమిషాలు ఆడనిచ్చి పట్టండి. మూతి దాకా నింపి, లోపల గాలి బుడగ లేకుండా మూత పెట్టండి. పీహెచ్ మాత్రం అక్కడే చూసి రాసుకోండి. దారిలో మారిపోతుంది.

నీలినీళ్లు, ఒంగోలు

రొయ్యల ల్యాబులో పూల్ నీళ్లు చూపించడం ఇదే వినడం. చెరువు లెక్క వేరు, పూల్ లెక్క వేరు.

రొయ్యల ల్యాబు, కోట

అన్నా, కాల్షియం చెరువులో ఉన్నా పూల్‌లో ఉన్నా కాల్షియమే. బల్ల మీద పరీక్ష ఒకటే. గాజు ఫ్లాస్కులో మీ నీళ్లు పోసి, రంగు మందు చిటికెడు వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. పైన సన్న గొట్టంలోంచి ఈడీటీఏ అనే, కాల్షియం, మెగ్నీషియంలని పట్టేసే మందుని బొట్టు బొట్టుగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటాం. చాలాసేపు ఏమీ మారదు. తర్వాత ఒక బొట్టుకి అంచున ఊదా రంగు మెరిసి పోతుంది. అక్కడ చెయ్యి నెమ్మదించాలి. ఇంకో రెండు బొట్లకి మొత్తం నీలం అయిపోతుంది. ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో దాన్నిబట్టే హార్డ్‌నెస్. కాల్షియం ఒక్కటే కావాలంటే పీహెచ్ బాగా పెంచి, వేరే రంగు మందుతో ఇంకోసారి చేస్తాం. ఆల్కలినిటీకి యాసిడ్ బొట్లు, పసుపు నారింజ అయ్యేదాకా.

పూల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి రంగు మందు వెలిసిపోతుంది. ముందు క్లోరిన్‌ని పోగొట్టే థయోసల్ఫేట్ ఒక చుక్క వేస్తే సరి. ఆ ఒక్కటే తేడా.

కనిగిరి పిల్లోడు, కనిగిరి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో గీజర్ రెండేళ్లకోసారి కాయిల్ మార్పిస్తున్నాం. తీసి చూస్తే కాయిల్ చుట్టూ కోడిగుడ్డు పెంకులాంటి పొర వేలు మందం. అదే బోరు నీళ్లు వచ్చే చన్నీళ్ల పంపుకి మాత్రం ఇంత లేదు. మా వైపు ఫ్లోరైడ్ ఎక్కువ కదా, అందువల్లేనా?

కెమిస్ట్రీ మాస్టారు, ఒంగోలు

ఫ్లోరైడ్‌కీ ఆ పెంకుకీ సంబంధం లేదు బాబూ. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో తరచుగా కాల్షియం తక్కువే ఉంటుంది, ఎందుకంటే కాల్షియం గట్టిగా ఉన్నచోట ఫ్లోరైడ్ దానితో కలిసి రాయిలోనే ఉండిపోతుంది. మీ కాయిల్‌కి అంత పట్టిందంటే మీ బోరులో రెండూ ఉన్నట్టున్నాయి. పరీక్ష చేయించాల్సిందే.

ముందు చెప్పినట్టు వేడి సంగతి ఇది. 30 డిగ్రీల నీళ్లని 60 డిగ్రీలకి కాస్తే, మిగతావేవీ మారకపోయినా సూచిక 0.5 దాకా పైకి జరుగుతుంది. చన్నీళ్ల గొట్టంలో తూకంగా ఉన్న నీళ్లే కాయిల్ తాకగానే సున్నం వదిలేస్తాయి. గీజర్ మీటని 60 నుంచి 50కి దించండి. స్నానానికి అది చాలు, కాయిల్ బతుకుతుంది. కరెంటూ మిగులుతుంది.

తాగడానికి మాత్రం ఫ్లోరైడ్ అంకె వేరే చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. గార లేని నీళ్లు తాగడానికి మంచివని అనుకోవద్దు. ఆ రెండిటికీ పోలిక లేదు.

పెన్నాగట్టు, నెల్లూరు

రిపోర్టులు వచ్చాయి. పీహెచ్ తప్ప అన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో.

బోరు: పీహెచ్ 7.4, టీడీఎస్ 1800, మొత్తం హార్డ్‌నెస్ 700, కాల్షియం 160, మెగ్నీషియం 73, ఆల్కలినిటీ 400, క్లోరైడ్ 520.

ట్యాంకరు ఆర్వో: పీహెచ్ 6.5, టీడీఎస్ 80, కాల్షియం 8, ఆల్కలినిటీ 25.

ఇప్పుడు పూల్: పీహెచ్ 7.2, టీడీఎస్ 400, కాల్షియం 18, ఆల్కలినిటీ 40. నీళ్లు 30 డిగ్రీలు.

కెమిస్ట్రీ మాస్టారు, ఒంగోలు

చేత్తో వేసుకునే చిన్న లెక్క రాస్తున్నాను, పుస్తకం అట్ట లోపల అంటించుకోండి.

సూచిక = పీహెచ్ + ఉష్ణోగ్రత అంకె + కాల్షియం అంకె + ఆల్కలినిటీ అంకె − 12.1. టీడీఎస్ 1000 దాటితే 12.1 బదులు 12.2 తీసెయ్యండి.

ఉష్ణోగ్రత అంకె: 24 డిగ్రీలకి 0.6, 29కి 0.7, 34కి 0.8.
కాల్షియం అంకె: 25కి 1.0, 50కి 1.3, 100కి 1.6, 150కి 1.8, 200కి 1.9, 400కి 2.2, 800కి 2.5.
ఆల్కలినిటీ అంకె: 25కి 1.4, 50కి 1.7, 100కి 2.0, 150కి 2.2, 200కి 2.3, 400కి 2.6.

మధ్యలో వచ్చే విలువలకి దగ్గరిది చూసుకుని అటూ ఇటూ సర్దుకోండి. జవాబు సున్నా అయితే తూకంగా ఉన్నట్టు. −0.3 నుంచి +0.3 దాకా ఫరవాలేదు. పైకి పోతే గార, కిందికి పోతే కోత. ఎండకి క్లోరిన్ పోకుండా స్టెబిలైజర్ వేసేవాళ్లు ఉంటే, దాని అంకెలో మూడో వంతుని ఆల్కలినిటీలోంచి తీసేసి లెక్కలోకి వెళ్లాలి.

మీ బోరుకి మీరే వేసి చూపించండి.

పెన్నాగట్టు, నెల్లూరు

7.4 + 0.7 + 1.8 + 2.6 − 12.2. అంటే +0.3. హద్దులోనే ఉంది కదా సార్! మరి పోయినేడు గార ఎందుకు కట్టింది?

రొయ్యల ల్యాబు, కోట

ఆగండాగండి. కాల్షియానికి 160 పెట్టి వేశారు. మా రిపోర్టులో 160 అన్నది ఒట్టి కాల్షియం. మాస్టారి పట్టిక కాల్షియం కార్బొనేట్ రూపంలో అడుగుతుంది. 2.5తో హెచ్చించాలి. 160ని 2.5తో హెచ్చిస్తే 400. చాలామంది రైతులు కూడా ఇక్కడే పొరబడతారు, తప్పు మీది కాదు. రిపోర్టు మీద ఆ ముక్క మేమే రాయాలి. రేపట్నుంచి స్టాంపు వేయిస్తాను.

కెమిస్ట్రీ మాస్టారు, ఒంగోలు

సరిగ్గా పట్టుకున్నావమ్మా. అట్టాగే మొత్తం హార్డ్‌నెస్ 700 కూడా పెట్టకూడదు. అందులో 300 మెగ్నీషియం వాటా. గార కట్టేది కాల్షియం కార్బొనేట్ కాబట్టి కాల్షియం వాటా 400 మాత్రమే లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు వెయ్యండి. 7.4 + 0.7 + 2.2 + 2.6 − 12.2 = +0.7. అప్పుడే గార వైపు ఉంది. అక్కడితో ఆగదు కూడా. భూమి లోపల నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఇమిడి ఉంటుంది, సోడా బుడ్డిలో గ్యాసు ఉన్నట్టు. బయటికి తీసి పూల్‌లో పారించి పిల్లలు తపతపలాడిస్తే ఆ గ్యాసు పోతుంది. గ్యాసు పోయేకొద్దీ పీహెచ్ దానంతటదే పెరుగుతుంది. నమ్మకం కుదరకపోతే బకెట్టు బోరు నీళ్లు రెండు రోజులు ఆరుబయట పెట్టి పీహెచ్ చూడండి.

పెన్నాగట్టు, నెల్లూరు

బకెట్టు పెట్టాను సార్. మొన్న సాయంత్రం 7.4. ఈ ఉదయం 8.2! పైన సన్నటి పొర, వేలు పెడితే పగిలి ముక్కలైంది. చుట్టూ తెల్లటి గీత. పోయినేడు పూల్‌లో జరిగింది నా కళ్లముందు బకెట్టులో జరిగింది.

8.2 + 0.7 + 2.2 + 2.6 − 12.2 = +1.5. ఇన్నేళ్లూ బోరు దగ్గర పీహెచ్ చూసి "7.4, బాగుంది" అని రాసుకున్నాను.

ఆర్వో నీళ్లకి కూడా వేశాను. కాల్షియం 8ని 2.5తో హెచ్చిస్తే 20. మేం పీహెచ్ 7.2కి తెచ్చాం కాబట్టి 7.2 + 0.7 + 0.9 + 1.4 − 12.1 = −1.9. ఒక గోతిలోంచి బయటపడాలని ఇంకో గోతిలో దూకాను.

కెమిస్ట్రీ మాస్టారు, ఒంగోలు

ఇంకో లెక్క చూడండి. ఇది నాకు ముఖ్యం అనిపించింది. ట్యాంకరు నీళ్లలో కాల్షియం, కార్బొనేట్ రూపంలో, 20. పూల్‌లో ఇప్పుడు 18ని 2.5తో హెచ్చిస్తే 45. ఆ 25 ఎక్కణ్నుంచి వచ్చింది? బ్లీచింగ్ పౌడర్ వేస్తే కాల్షియం పెరుగుతుంది, అందుకే ముందే అడిగాను. మీరు వెయ్యలేదు. ఎండకి నీళ్లు ఆవిరై, మళ్లీ పోసినందువల్ల ఐదో ఆరో పెరిగి ఉండొచ్చు. మిగిలిన 19 లేదా 20 మీ గోడల్లోంచి వచ్చింది. 2 లక్షల లీటర్లకి లెక్కేస్తే దాదాపు 4 కిలోలు. మీ టైల్స్ సందుల్లోంచి, నేల మీంచి రెండు నెలల్లో 4 కిలోల సున్నం నీళ్లలో కలిసింది. ఆ పాప కాలికి తగిలిన గరుకు అదే.

నీలినీళ్లు, ఒంగోలు

మాస్టారూ, నేను చెప్పింది తప్పే. ఒప్పుకుంటున్నాను. మా దగ్గర ఎప్పుడూ సాగర్ కాలవ నీళ్లు, బోరు నీళ్లు కలిపే నింపుతాం కాబట్టి ఇంత తేడా నాకు ఎదురుపడలేదు. పీహెచ్ చాలనుకోవడానికి కారణం అదేనేమో. ఈ రాత్రే మా మూడు పూల్స్ నీళ్లూ సీసాల్లో పడుతున్నాను.

ఐస్ ప్లాంటు, కావలి

మాది జువ్వలదిన్నె వైపు ఐస్ ప్లాంటు. పడవలకి ఐస్ వేస్తాం. అమ్మోనియా కండెన్సర్ గొట్టాల మీద నీళ్లు కారుతూ ఉంటాయి, కింద తొట్టిలో పడి మళ్లీ పైకి పోతాయి. సీజన్‌లో గొట్టాల మీద గార పడితే ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ రొప్పుతుంది, కరెంటు బిల్లు చెప్పనక్కర్లేదు. ఏడాదికోసారి యాసిడ్ కొట్టి కడిగిస్తాం. పోయిన సారి కడిగాక ఒక గొట్టానికి చిల్లి పడి అమ్మోనియా లీకైంది. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. మా బోరు రిపోర్టు కూడా మీదానికి దగ్గర్లోనే ఉంది. మరి మాకంత గార ఎందుకు?

కెమిస్ట్రీ మాస్టారు, ఒంగోలు

మీ తొట్టిలో నీళ్లు ఆవిరైపోతుంటే పైన కొత్త బోరు నీళ్లు పోస్తుంటారు. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పూ సున్నం తొట్టిలోనే ఉండిపోతాయి. పాలు మరిగించి కోవా చేసినట్టు. బోరులో క్లోరైడ్, తొట్టిలో క్లోరైడ్ రెండూ చూపించండి. బోరులో 500 ఉండి తొట్టిలో 2000 ఉంటే నీళ్లు నాలుగింతలు చిక్కపడ్డట్టు. కాల్షియం నాలుగింతలైతే సూచిక 0.6 పెరుగుతుంది, ఆల్కలినిటీ నాలుగింతలైతే ఇంకో 0.6. పీహెచ్ పెరిగేది దీనికి అదనం.

తొట్టి అడుగున వాల్వు కొంచెం తెరిచి, చిక్కపడ్డ నీళ్లని రోజూ కొంత బయటికి వదిలెయ్యండి. రెండింతలు దాటనివ్వకండి. నీళ్లు దండగ అనిపిస్తుంది కానీ యాసిడ్ ఖర్చు, గొట్టం ఖర్చు దానికంటే ఎక్కువ. ఆ లీకు మాట విన్నాక చెబుతున్నాను, యాసిడ్‌తో కడిగేటప్పుడు లోహం కరగకుండా ఆపే ఇన్హిబిటర్ మందు కలపకుండా కడగనివ్వకండి.

బాయిలర్ ఆపరేటర్, కోవూరు

ఒక్క మాట. మాది ఉప్పుడు బియ్యం మిల్లు, ఊకతో కాల్చే బాయిలర్. దయచేసి ఈ లెక్క బాయిలర్‌కి వాడొద్దు. లోపల ఆవిరి వేడికి ఈ పట్టిక పనికిరాదు. మేం హార్డ్‌నెస్ దాదాపు సున్నాకి వచ్చేలా సాఫ్ట్‌నర్ నీళ్లే పంపుతాం, లోపల పీహెచ్ పదిన్నర పైన ఉంచుతాం, బ్లోడౌన్ చేస్తాం, అంటే లోపల చిక్కపడ్డ నీళ్లు కొన్ని బయటికి వదులుతాం, ఆక్సిజన్ పోవడానికి వేరే మందు. సాఫ్ట్‌నర్‌కి ఉప్పు పెట్టడం ఒక్క షిఫ్టు మర్చిపోతే ట్యూబులకి పట్టేస్తుంది. ఇంట్లో గీజర్ కోసం సాఫ్ట్‌నర్ పెట్టుకునేవాళ్లు కూడా తెలుసుకోండి, సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం ఇస్తుంది, టీడీఎస్ తగ్గదు.

చీమకుర్తి రాయి, చీమకుర్తి

మా గెలాక్సీ గ్రానైట్ పలకలు పాలిష్ అయ్యాక బోరు నీళ్లతో కడిగి ఎండలో పెడితే నల్ల రాయి మీద తెల్ల చుక్కలు పడతాయి. ఆ సున్నమే అన్నమాట. ఆఖరి కడుగుడికి ఆర్వో నీళ్లు వాడి, మెత్తటి గుడ్డతో తుడిచేస్తే చుక్క రాదు. పూల్ అన్నా, మీ గట్టు మీద గ్రానైట్ అయితే ఆర్వో నీళ్లకి దానికేం కాదు. కింద పెట్టిన సిమెంటే పోతుంది.

పెన్నాగట్టు, నెల్లూరు

గట్టు గ్రానైటే అన్నా, దానికేం కాలేదు. ఇప్పుడు నేనేం చెయ్యాలి సార్? మళ్లీ మొత్తం ఖాళీ చెయ్యాలా? ఈ ఎండల్లో 2 లక్షల లీటర్లు పారబోయాలంటే మనసు ఒప్పడం లేదు.

కెమిస్ట్రీ మాస్టారు, ఒంగోలు

అక్కర్లేదు. మీ దగ్గర రెండు నీళ్లున్నాయి, ఒకటి చిక్కన, ఒకటి పల్చన. కలపండి.

పూల్‌లోంచి మూడో వంతు, అంటే 67 వేల లీటర్లు తీసెయ్యండి. మొక్కలకి పోసేటట్టయితే క్లోరిన్ పోయేదాకా రెండు మూడు రోజులు ఆగి పొయ్యండి. ఆ ఖాళీని బోరు నీళ్లతో నింపండి. అప్పుడు కాల్షియం, 45 రెండు వంతులు, 400 ఒక వంతు, సగటు 163. ఆల్కలినిటీ 160. పీహెచ్ 7.5 దగ్గర ఆపితే 7.5 + 0.7 + 1.8 + 2.2 − 12.1 = +0.1. ఇంకేం కావాలి?

కలిపిన కొత్తలో పీహెచ్ పైకి పోతుంటుంది, బకెట్టులో చూశారు కదా. 7.7 దాటితే కొద్దిగా యాసిడ్, అదీ నీళ్లలో కలిపి పల్చన చేసి, పంపు ఆడుతుండగా. యాసిడ్‌ని నీళ్లలో పొయ్యాలి, నీళ్లని యాసిడ్‌లో కాదు. హైపో డబ్బానీ యాసిడ్ డబ్బానీ ఒకే గదిలో పక్కపక్కన పెట్టొద్దు, ఒకే మగ్గు వాడొద్దు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. పిల్లలున్న చోట ఈ మాట పదిసార్లు చెప్పినా తక్కువే.

ఎప్పుడైనా ఆల్కలినిటీ తగ్గిపోతే తినే సోడా వెయ్యండి. మీ పూల్‌లో 10 పెరగాలంటే సుమారు మూడున్నర కిలోలు పడుతుంది.

రొయ్యల ల్యాబు, కోట

నిచ్చెన సంగతి ఎవరూ చెప్పలేదు. బోరులో క్లోరైడ్ 520 ఉంది. సూచిక సున్నా ఉన్నా క్లోరైడ్ స్టీలుని చుక్కలు చుక్కలుగా తొలిచేస్తుంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో మా రైతుల ఏరేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) షాఫ్టులు చూస్తూనే ఉంటాం.

కెమిస్ట్రీ మాస్టారు, ఒంగోలు

నిజం. ఈ సూచిక సున్నం సంగతి మాత్రమే చెబుతుంది. క్లోరైడ్ దానికి కనబడదు. నిచ్చెన మార్చేటప్పుడు 304 రకం కాకుండా 316 రకం స్టీలు అడగండి, క్లోరైడ్‌ని అది మెరుగ్గా తట్టుకుంటుంది.

నీళ్లు గొట్టాలని తింటే ఏమవుతుందో ప్రపంచానికి ఒక పెద్ద ఊరు చూపించింది. అమెరికాలో ఫ్లింట్ నగరం 2014లో మంచినీళ్లకి అంతకుముందు వాడే నీళ్లు మాని ఫ్లింట్ నది నీళ్లకి మారింది. తుప్పు ఆపే ఫాస్ఫేట్ మందు కలపలేదు. పాత సీసపు గొట్టాల్లో కాపుగా ఉన్న పొర పోయి, సీసం పిల్లల తాగునీళ్లలోకి వచ్చింది. ఆ నీళ్లలో క్లోరైడ్ కూడా ఎక్కువే. మన దగ్గర సీసపు గొట్టాలు అరుదు కానీ ఇత్తడి కొళాయిలు, రాగి కాయిళ్లు ఇంటింటా ఉన్నాయి. ఆర్వో నీళ్లని లోహపు గొట్టాల్లో ఇల్లంతా తిప్పాలనుకునేవాళ్లు ఈ మాట మనసులో పెట్టుకోండి.

పెన్నాగట్టు, నెల్లూరు

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మాస్టారు చెప్పినట్టే కలిపాం. మొదటి వారం పీహెచ్ రోజూ ఎక్కుతూ వచ్చింది, రెండుసార్లు యాసిడ్ వేశాను. ఇప్పుడు నిలకడగా ఉంది. నిన్నటి రిపోర్టు: పీహెచ్ 7.6, కాల్షియం 64, అంటే 160, ఆల్కలినిటీ 155, టీడీఎస్ 900, నీళ్లు 30 డిగ్రీలు. లెక్క +0.2.

సందులు పోయినచోట మేస్త్రీ చేత కొత్తగా పెట్టించాం. పాత సిమెంటు వేలితో రాస్తే ఇప్పుడు పిండి రావడం లేదు. నేల గరుకుని రాయితో రుద్ది నున్న చేయించాం. ఆ పాప ఈ సోమవారం నుంచి మళ్లీ వస్తోంది. మొదటి రోజు దిగే ముందు కాలివేళ్లతో నేలని తడిమి చూసి, తర్వాత దిగింది.

పుస్తకంలో పీహెచ్ గడి పక్కన ఇంకో నాలుగు గడులు గీశాను. పీహెచ్, వేడి రోజూ, ఆల్కలినిటీ వారానికోసారి, కాల్షియం, టీడీఎస్ నెలకోసారి. ఇది సరిపోతుందా సార్?

కెమిస్ట్రీ మాస్టారు, ఒంగోలు

సరిపోతుంది. వానాకాలంలో మాత్రం పెద్ద వాన పడ్డ మర్నాడు ఆల్కలినిటీ ఒకసారి చూడండి. వాన నీళ్లు కూడా ఆర్వో నీళ్ల లాగే పల్చన.

ఐస్ ప్లాంటు, కావలి

మా లెక్క తేలింది. తొట్టిలో క్లోరైడ్ బోరుకి ఐదింతలు! వాల్వు తెరిచాం. గార తగ్గిందా లేదా వచ్చే నెల చెబుతాను.

కనిగిరి పిల్లోడు, కనిగిరి

అక్కా, ఆదివారం కోట వైపు పెళ్లికి వస్తున్నాను. మా బోరు నీళ్లు తెస్తే చూస్తారా? గీజర్ కోసం, ఫ్లోరైడ్ కోసం, రెండూ. ఎన్ని సీసాలు తేవాలి?

రొయ్యల ల్యాబు, కోట

లీటరు సీసాలు రెండు పట్టు తమ్ముడూ, ఒకటి మాకు తీసుకురా. ఫ్లోరైడ్ మా దగ్గర చెయ్యం, రెండో సీసా మీ వైపు తాగునీటి పరీక్షలు చేసే ప్రభుత్వ ల్యాబులో ఇవ్వు. గీజర్ లెక్క మేం చేస్తాం. మూతి దాకా నింపు, గాలి ఉండకూడదు. పీహెచ్ బోరు దగ్గరే చూసి సీసా మీద రాయి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకే ఉంటాను.